టైటన్లు, గిగంతులు, వింతజీవులు: గ్రీకు వంశవృక్షంలో ఎవరిని ఎక్కడ పెట్టాలి?

#1 పటంపని

అందరికీ నమస్కారం. 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గోడపటంగా గ్రీకు దేవతల వంశవృక్షాన్ని తెలుగులో గీయాలి. చూసేవాళ్లు హైస్కూలు పిల్లలు. ఎంకెలడస్‌ను ఒక పుస్తకం టైటన్ అంటోంది, ఇంకో పుస్తకం జెయింట్ అంటోంది. సైక్లాప్స్ అనే ఒంటికన్నువాళ్లు ఒకచోట దేవతల రాజు జ్యూస్‌కు పిడుగులు చేసిచ్చిన కమ్మరులు, మరోచోట గొర్రెలు కాచుకుంటూ మనుషుల్ని తినేవాళ్లు. పాతాళపు కాపలాకుక్క కెర్బెరస్‌కు ఒకచోట మూడు తలలు, ఒకచోట యాభై. టైఫాన్‌ను కొందరు టైటన్ల జాబితాలో వేస్తున్నారు. అందర్నీ "రాక్షసులు" అని ఒకే పెట్టెలో వేస్తే పని తేలికే కానీ, అది సరికాదనిపిస్తోంది. ఎవరు ఏ వరుసలో వస్తారు? పేర్లు ఎలా రాయాలి?

#2 పాతరాతి

పటంపని గారూ, మంచిచోట ఆగారు. ఈ గందరగోళానికి కారణం ఒక్కటే. వందల ఏళ్ల తేడాతో రాసిన గ్రంథాలను కలిపి ఒకే కథగా చెప్పేస్తున్నారు. వాటిని విడదీస్తే చాలావరకు చిక్కు విడిపోతుంది.

ముందు గ్రీకు కవి హెసియొద్ రాసిన థెయొగొనియా (దేవతల పుట్టుక) ఒక్కదాన్నే పెట్టుకుని గీయండి. అది సుమారు క్రీ.పూ. 700 నాటిది, వెయ్యి పాదాల పైచిలుకు పద్యం. అందులో వరుస ఇలా వస్తుంది. మొదట ఖావొస్ అంటే శూన్యం, గైయా అంటే భూమి, తార్తరొస్ అంటే పాతాళపు లోతు, ఎరోస్ అంటే ప్రేమ. గైయా తనంతట తానే కన్నది ఊరనొస్‌ను అంటే ఆకాశాన్ని, కొండలను, పొంతొస్‌ను అంటే సముద్రాన్ని. తర్వాత గైయా, ఊరనొస్ కలిసి కన్నవాళ్లు 18 మంది. అందులో 12 మంది టైటన్లు అంటే పాత తరం దేవతలు, ముగ్గురు సైక్లాప్స్, ముగ్గురు నూరుచేతులవాళ్లు. ఈ 18ని మూడు రంగుల్లో పెట్టండి. ఒకే తల్లిదండ్రుల బిడ్డలైనా మూడు వేరువేరు జాతులు.

టైటన్లలో మగవాళ్లు ఆరుగురు: ఓకెయనొస్, కొయొస్, క్రెయొస్, హిపెరియోన్, ఇయపెతొస్, క్రొనొస్. ఆడవాళ్లు ఆరుగురు: థెయా, రెయా, థెమిస్, మ్నేమొసినే, ఫొయిబే, తేథిస్. అట్లస్, ప్రొమేథ్యూస్ ఈ పన్నెండుగురిలో లేరు. వాళ్లు ఇయపెతొస్ కొడుకులు, అంటే ఒక మెట్టు కింద. ఎక్కువ పటాల్లో జరిగే తప్పు ఇదే.

సైక్లాప్స్ ముగ్గురి పేర్లు బ్రొంతేస్, స్తెరొపేస్, అర్గేస్. ఉరుము, మెరుపు, తళుకు అన్న అర్థాలే ఆ పేర్లు. నూరుచేతులవాళ్లు కొత్తొస్, బ్రియరెయోస్, గీగేస్. ఒక్కొక్కడికి 100 చేతులు, 50 తలలు. క్రొనొస్ కొడుకు జ్యూస్ పక్షంతో టైటన్ల యుద్ధం పదేళ్లు తెగకుండా సాగితే చివర ఈ ముగ్గురూ ఒక్కసారిగా 300 బండలు విసిరి తేల్చేశారు. తర్వాత తార్తరొస్‌లో టైటన్లకు కాపలా కూడా వీళ్లే.

ఇక గిగంతులు, అంటే మీ పుస్తకంలోని జెయింట్లు. క్రొనొస్ కొడవలితో తండ్రి అంగాన్ని కోసినప్పుడు నెత్తురు చుక్కలు భూమ్మీద పడ్డాయి. వాటిని గర్భంలో దాల్చి భూమి కన్నవాళ్లు మూడు తెగలు: ఎరిన్యులు అనే పగదేవతలు, గిగంతులు, మెలియై అనే వనదేవతలు. అంటే గిగంతులు టైటన్లు కారు. పుట్టుక ప్రకారం వాళ్లకు తమ్ముళ్లవుతారు. మెరిసే కవచాలు, పొడవాటి బల్లాలతో పుట్టారని హెసియొద్ అంటాడు తప్ప, వాళ్లు దేవతలతో చేసిన యుద్ధాన్ని ఆ పద్యంలో ఎక్కడా వర్ణించలేదు.

ఆ యుద్ధం వరుసగా, ఎవరి చేతిలో ఎవరు చచ్చారో దొరికేది అపొల్లొదోరొస్ పేరుతో ఉన్న పురాణకథల సంకలనంలో. అది క్రీ.శ. 1 లేదా 2 శతాబ్దం నాటిది. హెసియొద్‌కు, దీనికి మధ్య ఎనిమిది వందల ఏళ్ల ఎడం. మీ పటంలో ప్రతి గీతకూ ఒక చివర "హె" అనో "అ" అనో చిన్న అక్షరం వేయండి. సగం గొడవ అక్కడే పోతుంది.

#3 అచ్చుహల్లు

పేర్ల గురించి. ఈ విషయంలో తెలుగు లిపికి ఉన్న సౌకర్యం ఇంగ్లీషుకు లేదు, దాన్ని వాడుకుందాం.

గ్రీకులో ఎప్సిలాన్ హ్రస్వం, ఈటా దీర్ఘం. ఒమిక్రాన్ హ్రస్వం, ఒమేగా దీర్ఘం. మనకు ఎ, ఏ, ఒ, ఓ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఉన్నదున్నట్టు రాయొచ్చు. ఫీ, థేటా, ఖీ అనే మూడు అక్షరాలు ప్రాచీన గ్రీకులో ఒత్తక్షరాలు. ఫ, థ, ఖ నేరుగా సరిపోతాయి.

దీనివల్ల రెండు ఘోరమైన పొరపాట్లు తప్పుతాయి. మొదటిది క్రొనొస్, ఖ్రొనొస్. తండ్రిని నరికిన టైటన్ క్రొనొస్. కాలం అనే మాట ఖ్రొనొస్. ఇద్దర్నీ "క్రోనస్" అని రాస్తే కొడవలి పట్టిన టైటన్ కాలపురుషుడైపోతాడు. ప్రాచీనులే కొందరు ఈ రెంటినీ కావాలని ముడిపెట్టారు కానీ, హెసియొద్‌లో ఆ ముడి లేదు. రెండోది తేథిస్, థెతిస్. తేథిస్ టైటన్ స్త్రీ, ఓకెయనొస్ భార్య. థెతిస్ సముద్రకన్య, అకిలీస్ తల్లి. ఇంగ్లీషు నుంచి తెచ్చి ఇద్దరినీ "థెటిస్" చేస్తే మనవరాలి వరస పిల్ల అవ్వ స్థానంలో కూర్చుంటుంది.

ఉప్సిలాన్‌కు మనకు సరైన అచ్చు లేదు. పెదవులు గుండ్రంగా చుట్టి "ఇ" అంటే వచ్చే శబ్దం అది. "ఇ" అని రాయండి చాలు. జ్యూస్, అపోలో, టైటన్, సైక్లాప్స్, మెడూసా, హైడ్రా, టైఫాన్ లాంటివి పత్రికల్లో స్థిరపడ్డాయి. వాటిని కదపొద్దు. హెర్క్యులిస్ మాత్రం లాటిన్ రూపం. గ్రీకులో హేరక్లేస్. ఆ పేరులో హేరా దేవి పేరు ఉంది. జీవితాంతం అతన్ని పీడించిన ఆవిడ పేరు అతని పేరులోనే ఉందని పిల్లలకు కనబడాలంటే గ్రీకు రూపమే మంచిది.

"డ్రాగన్" అనే మాట పటంలో వద్దని నా మనవి. గ్రీకు ద్రకోన్ అంటే పెద్ద పాము, అంతే. రెక్కలు, నాలుగు కాళ్లు ఐరోపా మధ్యయుగపు చేర్పు. "మహాసర్పం" అంటే సరిగ్గా సరిపోతుంది.

#4 పటంపని

ఇద్దరికీ ధన్యవాదాలు. క్రొనొస్, ఖ్రొనొస్ తేడా పటంలోనే ఒక మూల గడి కట్టి పెడతాను. గిగంతుల దగ్గర ఇంకో సందేహం. వాళ్లు టైటన్లకు తమ్ముళ్లయితే, యుద్ధంలోకి మనవడి తరం దాటిన హేరక్లేస్ ఎలా వచ్చాడు? కాలం పొసగడం లేదు.

#5 పాతరాతి

పొసగదు. పొసిగించడానికి ప్రయత్నించకండి. హెసియొద్‌లో గిగంతుల పుట్టుక ఊరనొస్ నెత్తుటి నుంచి, అంటే జ్యూస్ పుట్టక ముందే. అపొల్లొదోరొస్‌లో తండ్రి ఊరనొస్సే, కానీ టైటన్లకు జరిగిన దానికి కోపించి భూమి వాళ్లను కన్నది, అంటే జ్యూస్ గెలిచాక. రెండు గీతలు గీయండి. మొదటిది నిండు గీత, రెండోది చుక్కల గీత.

హేరక్లేస్ ఎందుకు కావాలంటే, దేవతల చేతుల్లో మాత్రమే అయితే గిగంతులు చావరనీ, ఒక మర్త్యుడు పక్కన పోరాడితేనే చస్తారనీ జోస్యం. అది విని భూమి తన కొడుకుల్ని మర్త్యుడి నుంచి కూడా కాపాడే మూలిక వెతికింది. జ్యూస్ సూర్యుణ్ణి, చంద్రుణ్ణి, ఉషస్సును వెలుగివ్వొద్దని ఆపి, చీకట్లో ఆ మూలికను ముందే తాను కోసేశాడు. ఆ తర్వాత తన కూతురు అథేనా దేవి చేత హేరక్లేస్‌ను పిలిపించాడు.

పటంలో యుద్ధం గడి పెడితే ఈ జోడీలు వేయండి. అల్కియొన్యూస్ పుట్టిన నేల మీద చావడు. హేరక్లేస్ బాణం వేశాక నేలకు ఒరిగి మళ్లీ తేరుకుంటుంటే, అథేనా సలహా మీద అతను పుట్టిన పల్లేనే పొలిమేర దాటించి ఈడ్చుకుపోయాడు. పొర్ఫిరియోన్‌కు జ్యూస్ పిడుగు, హేరక్లేస్ బాణం. ఎఫియల్తేస్ ఎడమ కంట్లో అపోలో బాణం, కుడి కంట్లో హేరక్లేస్ బాణం. క్లితియొస్‌ను హెకతే దివిటీలతో, మిమస్‌ను కమ్మరి దేవుడు హేఫైస్తొస్ ఎర్రగా కాల్చిన ఇనుప ముద్దలతో. పొలిబోతేస్ సముద్రంలో పారిపోతుంటే సముద్రదేవుడు పొసెయిదోన్ కోస్ దీవిలో ఒక ముక్క విరిచి మీద పడేశాడు, ఆ ముక్కే నిసిరొస్ దీవి. ఎంకెలదొస్ మీద అథేనా సిసిలీనే విసిరింది. పల్లస్ అనేవాడి తోలు ఒలిచి కవచంగా కట్టుకుంది కూడా. అగ్రియొస్, థోయస్ అనే ఇద్దరిని విధిదేవతలు కంచు గదలతో కొట్టారు. కొనప్రాణంతో ఉన్న ప్రతివాడి మీదా ఆఖరి బాణం హేరక్లేస్‌దే. ఆ వాక్యం మరిచిపోతే జోస్యానికి అర్థం ఉండదు.

ఈ ఎఫియల్తేస్‌ను ఇంకో ఎఫియల్తేస్‌తో కలపకండి. ఓతొస్, ఎఫియల్తేస్ అనే అన్నదమ్ములు పొసెయిదోన్ కొడుకులు. హోమర్ ఒడిస్సీ 11వ కాండలో వస్తారు. తొమ్మిదేళ్ల వయసుకే 9 మూరల వెడల్పు, 9 బారల ఎత్తు. ఒలింపస్ మీద ఒస్సా కొండ, దాని మీద పీలియన్ కొండ పేర్చి ఆకాశం ఎక్కాలనుకున్నారు. గడ్డం మొలవకముందే అపోలో చంపేశాడు. ఇలియడ్ 5వ కాండలో యుద్ధదేవుడు ఏరీస్‌ను 13 నెలలు కంచు జాడీలో బంధించింది కూడా వీళ్లే. ఒళ్లు పెద్దదే కానీ గిగంతుల తెగ కాదు. కొలతలు చెప్పేటప్పుడు మూర, బార అనే రాయండి. గ్రీకు కొలతలు కూడా అవే: మోచేతి నుంచి వేలి కొస దాకా, చాచిన రెండు చేతుల మేర.

#6 రావిచెట్టు

దేవతల చేతిలో చావరు, మనిషి కావాలి అంటే రావణుడి వరమే గుర్తొస్తోంది. భూమికి పుట్టినవాడంటే నరకుడు. ఈ కథలు అక్కణ్ణుంచి ఇక్కడికో, ఇక్కణ్ణుంచి అక్కడికో వెళ్లాయని అనుకోవచ్చా?

#7 అచ్చుహల్లు

పోలిక ఉంది, పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది. కానీ వంశవృక్షంలో గీత గీయడానికి పోలిక చాలదు. రావణుడు మనుషుల్ని లెక్కచేయక వరంలో వదిలేశాడు. గిగంతులు ఏ వరమూ అడగలేదు, అక్కడున్నది జోస్యం. కథ తిరిగే కీలే వేరు.

మాటల బంధుత్వంలో గట్టిగా నిలిచేవి తక్కువ. జ్యూస్, వేదంలోని ద్యౌః ఒకే మూలం. ద్యౌష్పితా, లాటిన్ జూపిటర్ పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. గ్రీకు ఉషోదేవి ఏఓస్, వేదంలోని ఉషస్ కూడా ఒకటే మాట. ఊరనొస్, వరుణుడు ఒకటన్నది పాత ప్రతిపాదన, ధ్వని నియమాలకు నిలవక వదిలేశారు. కెంతౌరొస్ (సగం మనిషి, సగం గుర్రం), గంధర్వ జోడీ కూడా అలాంటిదే. వీటిని పటంలో వేయకండి. తర్వాత చెరపడం కష్టం.

టైటన్లకు "అసురులు", "దైత్యులు" అని అనువాదం పెట్టడం కూడా ఇందుకే వద్దంటాను. థెమిస్, మ్నేమొసినే టైటన్లు. ధర్మానికి, జ్ఞాపకానికి దేవతలు, జ్యూస్‌కు భార్యలు, కళాదేవతల తల్లి మ్నేమొసినే. దైత్యులనగానే పిల్లలు వాళ్లను శత్రుపక్షంలో వేసుకుంటారు. టైటన్లంటే పాత తరం దేవతలు. "పూర్వదేవతలు" అనండి, మంచి మాట. గిగంతులకు "భూపుత్రులు" బాగుంటుంది. గ్రీకులోనూ గేగెనేస్ అంటే భూమికి పుట్టినవాళ్లే.

#8 మట్టికుండ

బొమ్మలు కూడా వేస్తారు కదా, దాని గురించి. గిగంతులు అనగానే నడుము కింద పాములు వేసేస్తారు. తొలి కాలపు బొమ్మల్లో అది లేదు. డెల్ఫీలో సిఫ్నొస్ దీవివాళ్లు కట్టిన ఖజానా ఉత్తరపు శిల్పపట్టీ సుమారు క్రీ.పూ. 525 నాటిది. అందులో గిగంతులు శిరస్త్రాణం, డాలు, బల్లెం పట్టుకుని బారులు తీరిన మామూలు సైనికులు. రథానికి కట్టిన సింహం ఒకడిని కొరుకుతుంటుంది. హెసియొద్ చెప్పిన మెరిసే కవచాలకు ఇది సరిగ్గా సరిపోతుంది. పాముకాళ్లు క్రీ.పూ. 4వ శతాబ్దం నుంచి కనబడతాయి, ఇప్పటి టర్కీలోని పెర్గమొన్ బలిపీఠం దగ్గరికి వచ్చేసరికి బాగా పాతుకుపోతాయి.

ఆ బలిపీఠం క్రీ.పూ. 2వ శతాబ్దానిది, శిల్పాలు ఇప్పుడు బెర్లిన్‌లో. పట్టీ పొడవు సుమారు 113 మీటర్లు, ఎత్తు 2.3 మీటర్లు. అక్కడ దేవతల పేర్లు పైనున్న చూరు అంచున, గిగంతుల పేర్లు కింద పీఠం మీద చెక్కారు. అథేనా ఒక రెక్కల గిగంతుడి జుట్టు పట్టి లాగుతుంటే, భూమాత నేలలోంచి సగం పైకి లేచి కొడుకు కోసం వేడుకుంటుంది. అల్కియొన్యూస్ అని గుర్తిస్తున్నారు. నేల నుంచి వేరుచేస్తే చస్తాడన్న కథ అక్కడ రాతిలో కనబడుతుంది.

పాముకాళ్ల మీద ప్రాచీనులకే అభ్యంతరం ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసనియస్ అది వట్టి కట్టుకథ అని రాశాడు. సిరియాలో ఒరొంతేస్ నదిని మళ్లించినప్పుడు బయటపడ్డ 11 మూరల పైచిలుకు పొడవున్న మట్టి శవపేటికలోని శవం మనిషి ఆకారంలోనే ఉందని ఆధారం చూపించాడు.

పాముకాళ్లు మొదటి నుంచీ ఉన్నది టైఫాన్‌కు. మ్యూనిక్‌లో ఉన్న ఒక నీళ్లకుండ మీద, సుమారు క్రీ.పూ. 540 నాటిది, రెక్కలు, గడ్డం, నడుము కింద రెండు పాము చుట్టలతో ఉంటాడు. ఎదురుగా పిడుగు ఎత్తిన జ్యూస్. గిగంతులకు పాములు అక్కడి నుంచే ఎక్కి ఉంటాయి. కాబట్టి మీ పటానికి నా సలహా: గిగంతులకు కవచం, టైఫాన్‌కు పాములు. రెండు జాతులూ దూరం నుంచి చూసినా వేరుగా తెలుస్తాయి.

#9 కొండగుర్తు

టైఫాన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి. ఇతను టైటన్ కాదు, గిగంతుడు కాదు. హెసియొద్ ప్రకారం గైయా, తార్తరొస్‌ల బిడ్డ, గైయా కడగొట్టువాడు. హోమర్ పేరుతో ఉన్న అపోలో స్తోత్రంలో మాత్రం జ్యూస్ మీద కోపంతో హేరా ఒక్కతే కన్నది. రెండో గీత చుక్కలతో.

కథ జరిగిన చోట్లు అపొల్లొదోరొస్‌లో స్పష్టంగా ఉన్నాయి. కసియొస్ కొండ దగ్గర టైఫాన్ జ్యూస్‌ను పట్టి, అతని చేతిలోని కొడవలే లాక్కుని చేతుల, కాళ్ల నరాలు కోసేశాడు. ఇప్పటి టర్కీ దక్షిణ తీరంలో ఉన్న కిలికియాలోని కొరికొస్ గుహలో పడేసి, నరాలను ఎలుగుతోలులో చుట్టి దాచాడు. దెల్ఫినే అనే సగం పాము కాపలా. హెర్మేస్, ఐగిపాన్ అనే దేవతలు ఆ నరాలను దొంగిలించి తెచ్చి అతికారు. తర్వాత నిసా కొండ మీద విధిదేవతలు టైఫాన్‌ను బలం వస్తుందని మోసగించి క్షణికఫలాలు తినిపించారు. త్రాకియాలో అతని నెత్తురు చిందిన కొండ హైమొస్, నెత్తురుకు గ్రీకు మాట హైమ. చివరికి సిసిలీలో జ్యూస్ ఎట్నా కొండను అతని మీద పడేశాడు. హెసియొద్ దగ్గర ఈ నరాల కథ లేనే లేదు, జ్యూస్ అతన్ని నేరుగా తార్తరొస్‌లోకి తోస్తాడు. ఎట్నా కింద పడుకోబెట్టింది కవి పిండార్, క్రీ.పూ. 470 నాటి గీతంలో.

కసియొస్ కొండ కల్పన కాదు. టర్కీ, సిరియా సరిహద్దున సముద్రం పక్కనే సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంది. హిట్టైట్ల భాషలో దాని పేరు హజ్జి. వాళ్ల రాజధాని హత్తుసాలో దొరికిన మట్టి పలకల మీద తుఫాను దేవుడిని ఇల్లుయంక అనే పాము ఓడించి గుండె, కళ్లు తీసేసుకుంటుంది. అతని కొడుకు ఆ పాము కూతురిని పెళ్లాడి వాటిని అడిగి తెచ్చిస్తాడు. అవయవం పోవడం, ఉపాయంతో తిరిగి రావడం రెండు కథల్లోనూ ఉన్నాయి. ఆ పలకల్లోనే కుమర్బి ఆకాశదేవుడి అంగం కొరికి రాజ్యం తీసుకుంటాడు, అతని నుంచి పుట్టిన తుఫాను దేవుడు అతన్ని దించుతాడు. ఊరనొస్, క్రొనొస్, జ్యూస్ వరుసకు ఇది హెసియొద్ కన్నా అయిదు వందల ఏళ్లకు పైగా పాత నమూనా. రావిచెట్టు గారు అడిగిన "అక్కణ్ణుంచి ఇక్కడికి" అన్న ప్రశ్నకు గట్టి ఆధారం దొరికే దిక్కు ఇదే, గ్రీసుకు తూర్పున ఉన్న అనతోలియా, అంటే ఇప్పటి టర్కీ.

#10 సప్తర్షి

ఎంకెలదొస్ టైటన్ల జాబితాలోకి ఎలా వచ్చాడో ఒక దారి చెబుతాను. శని గ్రహపు చంద్రులకు 1847లో జాన్ హెర్షెల్ పేర్లు పెట్టాడు. శని అంటే రోమన్ల సాటర్న్, అంటే క్రొనొస్ కాబట్టి చుట్టూ అతని తోబుట్టువులు ఉండాలని ఆలోచన. మిమస్, ఎన్సెలడస్ (మన ఎంకెలదొస్), టెథిస్, డయోనీ, రెయా, టైటన్, ఇయపెటస్. ఇందులో మిమస్, ఎంకెలదొస్ ఇద్దరూ గిగంతులు. డయోనీ హెసియొద్ పన్నెండులో లేదు, అపొల్లొదోరొస్ పదమూడో పేరుగా చేర్చాడు. సైన్సు పుస్తకంలో ఆ జాబితా చదివినవాళ్లకు అందరూ టైటన్లే అనిపిస్తుంది.

#11 పాతరాతి

మంచి సంగతి చెప్పారు. ఈ తికమక ఇంకా పాతది కూడా. ఏథెన్సులో అథేనాకు సమర్పించే వస్త్రం మీద నేసేది గిగంతుల యుద్ధం. అయినా యూరిపిడీస్ హెకబే నాటకంలో ఆ వస్త్రం మీద టైటన్లని పాడిస్తాడు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో, ఆ ఊరి కవే.

సైక్లాప్స్ సంగతి మిగిలిపోయింది. మూడు గుంపులు, మూడు గడులు. పిడుగులు చేసిన ముగ్గురు దేవతల వరుసలో. పొలిఫేమొస్, ఇరుగుపొరుగు కాపరులు ఒడిస్సీ 9వ కాండలో. పొలిఫేమొస్ పొసెయిదోన్‌కు, థొవోసా అనే సముద్రకన్యకు కొడుకు కాబట్టి ఊరనొస్ నుంచి నేరుగా గీత రాకూడదు. మూడోవాళ్లు తిరిన్స్, మికేనే కోటల గోడలు కట్టినవాళ్లు. తిరిన్స్ గోడలో అతి చిన్న రాయిని కూడా కంచరగాడిదల జత కదపలేదని పౌసనియస్ రాశాడు. మొదటి గుంపు కథ ఎలా ముగుస్తుందో చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. జ్యూస్ పిడుగుతో అస్క్లేపియొస్‌ను చంపితే, తండ్రి అపోలో ఆ కోపం పిడుగు చేసిన సైక్లాప్స్ మీద తీర్చుకుని వాళ్లను చంపేశాడు. గొర్రెల కాపరులకు ఆ చావు రాలేదు.

#12 పటంపని

ఇక మిగిలింది వింతజీవులు. కెర్బెరొస్, హైడ్రా, ఖిమైరా, స్ఫింక్స్, మెడూసా. వీళ్లందరినీ టైఫాన్ కింద వేలాడదీశాను. సరేనా?

#13 పాతరాతి

సగమే సరి. సముద్రపు గీత మీరు మరిచిపోయారు. పొంతొస్, గైయా కన్న అయిదుగురిని వేయండి: నేర్యూస్, థౌమస్, ఫొర్కిస్, కేతో, యూరిబియే. వింతజీవులు చాలామటుకు ఫొర్కిస్, కేతో దంపతుల నుంచి దిగుతారు. గ్రైయై అనే ముసలి అక్కచెల్లెళ్లు, ముగ్గురు గొర్గోన్‌లు వాళ్ల కూతుళ్లు. స్థెన్నో, యూరియలే చావులేనివాళ్లు, మెడూసా ఒక్కతే మర్త్య. ఆమె మెడ తెగినప్పుడు పొసెయిదోన్ వల్ల కలిగిన పేగసొస్ గుర్రం, ఖ్రిసాయోర్ బయటికి వచ్చారు. ఖ్రిసాయోర్ కొడుకు మూడు తలల గేర్యోన్.

ఎఖిద్నా సగం అందమైన కన్య, సగం మచ్చల పాము. టైఫాన్‌తో ఆమె కన్నవాళ్లు ఒర్థొస్ కుక్క, కెర్బెరొస్, లెర్నా హైడ్రా. ఇంతవరకే హెసియొద్‌లో తిరుగులేని మాట. తర్వాత ఖిమైరాను కన్నది, స్ఫింక్స్‌ను, నెమెయా సింహాన్ని కన్నది అన్నచోట్ల కర్త "ఆమె" అని మాత్రమే ఉంది. ఆ "ఆమె" ఎఖిద్నానా, హైడ్రానా, ఖిమైరానా అన్నది పద్యం తేల్చదు. ఎఖిద్నా తల్లి విషయంలోనూ ఇదే చిక్కు. అక్కడ చుక్కల గీతలే న్యాయం. నిండు గీత గీస్తే మీరు పద్యానికి లేని నిశ్చయం అంటగట్టినట్టు.

తలల లెక్క ఇలా రాయండి. కెర్బెరొస్: హెసియొద్ 50, అపొల్లొదోరొస్ 3, దానికి పాము తోక, వీపు మీద పాము తలలు. హైడ్రా: హెసియొద్ సంఖ్య చెప్పలేదు. అపొల్లొదోరొస్ 9 అంటాడు, 8 చచ్చేవి, నడిమిది చావనిది. హేరక్లేస్ ఒకటి నరికితే రెండు మొలుస్తుంటే, సాయం వచ్చిన ఇయొలవొస్ దివిటీలతో మొదళ్లు కాల్చాడు. నడిమి తలను నరికి పాతి, పైన బరువైన బండ పెట్టారు. హేరక్లేస్ సాయం తీసుకున్నాడని, అతనికి పది పనులు అప్పగించిన రాజు యూరిస్థ్యూస్ ఈ పనిని లెక్కలోకి తీసుకోలేదు. ఔగెయస్ పశువుల కొట్టం పనిలో కూలి అడిగాడని అదీ కొట్టేశాడు. పది పనులు పన్నెండయింది అందుకే.

#14 మట్టికుండ

కుండల మీద కెర్బెరొస్‌కు తరచు రెండే తలలు. పక్కనుంచి చూపే గీతల్లో మూడోది ఇరికించడం కష్టం. మీ బొమ్మలో రెండేసినా ప్రాచీనులు ఒప్పుకుంటారు.

ఖిమైరా బొమ్మకు అందరూ చూసి వేసేది ఇటలీలో అరెజ్జోలో 1553లో దొరికిన కంచు విగ్రహం. ఇప్పుడు ఫ్లారెన్సులో ఉంది. ముందు సింహం, వీపు మీద మేక తల, తోక పాము. కానీ ఆ పాము మేక కొమ్మును కొరుకుతున్నట్టున్న తోక 18వ శతాబ్దంలో అతికినది. అసలు తోక అలా ఉండి ఉండదు. పాము బయటికి, శత్రువు వైపు చూస్తున్నట్టు వేయండి. ఆ విగ్రహం కూడా గ్రీకుది కాదు, ఎత్రుస్కులది. ముందు కాలి మీద వాళ్ల లిపిలో సమర్పణ మాట ఉంది.

మెడూసా అందగత్తె, అథేనా శాపం వల్ల జుట్టు పాములైంది అన్న కథ ఒవిడ్‌ది, క్రీ.శ. 8 ప్రాంతం. తొలి బొమ్మల్లో గుండ్రటి మొహం, కోరలు, బయటికి వేలాడే నాలుక, ఒక్కోసారి గడ్డం కూడా. లూవ్ర్‌లో ఉన్న ఒక బెయోతియా జాడీ మీద, క్రీ.పూ. 7వ శతాబ్దానిది, ఆమెకు వెనక గుర్రం ఒళ్లు ఉంది. పెర్స్యూస్ మొహం పక్కకు తిప్పుకుని మెడ కోస్తున్నాడు.

#15 రావిచెట్టు

అండ్రొమెదను మింగబోయిన క్రాకెన్ ఏ కొమ్మ మీద వస్తుంది?

#16 అచ్చుహల్లు

ఏ కొమ్మ మీదా రాదండీ. క్రాకెన్ నార్వే సముద్రపు కథల్లోది, ఇంగ్లీషు సినిమాల వల్ల గ్రీకు కథలో చేరింది. అక్కడున్నది కేతొస్, అంటే పెద్ద సముద్రజంతువు. కేతో దేవి పేరూ ఆ మాటకు చుట్టమే. ఆకాశంలో తిమింగలం రాశి కూడా అదే.

#17 పటంపని

సవరించిన చిత్తు ఇది. పై నుంచి అయిదు వరుసలు. 1: నలుగురు ఆదిశక్తులు. 2: ఊరనొస్, కొండలు, పొంతొస్. 3: ఎడమన 18 మంది మూడు రంగుల్లో, కుడిన పొంతొస్ బిడ్డలు అయిదుగురు, మధ్యలో నెత్తుటి చుక్క గుర్తు కింద ఎరిన్యులు, గిగంతులు, మెలియై. 4: క్రొనొస్ బిడ్డలు ఆరుగురు, ఇయపెతొస్ కొడుకులు నలుగురు, గొర్గోన్‌లు, ఎఖిద్నా. 5: తర్వాతివాళ్లు. టైఫాన్‌ను రెండో వరుసలో పెట్టాను. అట్లస్ భుజాల మీద భూగోళం వేశాను.

#18 పాతరాతి

రెండు సవరణలు. టైఫాన్ తల్లిదండ్రులు మొదటి వరుసవాళ్లే, కానీ పుట్టింది టైటన్లను తోసేశాక. రెండో వరుసలో పెడితే క్రొనొస్‌కు అన్న అనిపిస్తాడు. నాలుగో వరుస ఎత్తున, ఎఖిద్నా పక్కన పెట్టి, గైయా, తార్తరొస్ దగ్గర్నుంచి పొడవైన గీత దించండి. ఆ గీత మరే గీతనూ కోయకుండా ఉండాలంటే తార్తరొస్‌ను మొదటి వరుసలో కుడి చివరకు జరపండి.

రెండోది, అట్లస్ మోసేది భూమిని కాదు, ఆకాశాన్ని. హెసియొద్‌లో అతను భూమి అంచున నిలబడి తలతో, అలుపెరగని చేతులతో ఆకాశం ఎత్తిపట్టుకుంటాడు. నేపుల్స్‌లో ఉన్న ప్రసిద్ధ రోమన్ విగ్రహం భుజాల మీది గోళాన్ని దగ్గరగా చూస్తే దాని మీద చెక్కినవి దేశాలు కావు, నక్షత్రరాశులు. మీ గోళం మీద ఖండాలు తుడిచేసి చుక్కలు పెట్టండి, సరిపోతుంది.